కాళ్లు కడుక్కొని వచ్చినవాడు

“ముందు కాళ్లు ముంచు ఖయ్యూం. ముచ్చట తర్వాత,” అన్నాడు నర్సింహులన్న.

నిన్న సాయంత్రం ఆయన కింది కొట్టంలోని పందులన్నీ చచ్చిపోయాయి. వాటి మధ్యే కూలబడిన యాదన్న, ఫారం పెట్టిన రోజు నుంచీ నర్సింహులన్నకు కుడిభుజంగా ఉన్న మనిషి, సంగారెడ్డి ఆస్పత్రిలో కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు. అంత జరిగాక కూడా ఈయన గేటు దగ్గర సున్నపు నీళ్ల తొట్టి పక్కన నిలబడి, వచ్చినవాడి పాదాలు పూర్తిగా మునిగాయో లేదో వంగి మరీ చూస్తున్నాడు. చెప్పులు బయట వదిలి తొట్టిలో దిగాను. వేరే ఎవరైనా అయితే విసుక్కునేవాణ్ణే. ఈయన చెబితే మాత్రం రోజంతా అందులోనే నిలబడతాను.

ఎందుకో చెప్పాలి. కరోనా రెండోసారి ఊళ్లమీద పడ్డప్పుడు మా అమ్మీ హమీదున్నీసాకు ఊపిరి అందలేదు. నేనూ మా తమ్ముడు సమదూ ఆమెను కుర్చీతో సహా మోసుకొచ్చి పటాన్‌చెరు రోడ్డు మీద నిలబడ్డాం. చెయ్యెత్తితే ఒక్క బండీ ఆగలేదు. ఆగింది ఒక పందుల వ్యాను. నడుపుతున్న మనిషి ముఖం కూడా మేం అంతకుముందు చూడలేదు. బండిలో ఎప్పుడూ ఉంచుకునే బ్లీచింగ్ నీళ్లతో వెనకభాగమంతా కడిగి, కొత్త టార్పాలిన్ పరిచి, అమ్మీని పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చాడు. ఆక్సిజన్ దొరికేదాకా గేటు ముందు నేలమీదే కూర్చున్నాడు. తర్వాత మా బస్తీలో ఒకరిద్దరు ఆ బండి సంగతి ఎత్తి గొణిగితే అమ్మీ వాళ్ల నోరు మూయించింది. ఆ బండి ఆగకపోతే నేను ఈపాటికి మట్టిలో ఉండేదాన్ని, ఆ బండికి నా సలాం అంది. అప్పటి నుంచి ప్రతి రంజానుకూ మా ఇంటి షీర్‌ఖుర్మా ఈ ఫారానికి వస్తుంది, ఇక్కడి మామిడికాయలు మా ఇంటికి వస్తాయి. మాంసం మాట మేం ఎత్తం, వాళ్లూ ఎత్తరు. నేను పందిని ముట్టను. కానీ ఈ మనిషి పందుల కోసం ఎవడి గల్లా అయినా పట్టుకుంటాను.

పొద్దున్నే నాకు ఫోన్ చేసింది ఆయన భార్య పుష్పమ్మ వదిన. నాది సంగారెడ్డి బస్టాండు ఎదురుగా చిన్న డిటెక్టివ్ ఆఫీసు. అంతకుముందు చాలాకాలం ఇన్సూరెన్స్ కంపెనీకి ఫ్యాక్టరీ ప్రమాదాలు పరిశీలించేవాణ్ణి. ఎవరో కావాలని చేశారని వదిన అనుమానం. నర్సింహులన్నకు ఆ అనుమానం కూడా లేదు. రోగమే వచ్చిందని ఆయన నిర్ధారించుకున్నాడు.

తొట్టి అవతల, ఒళ్లంతా కప్పే తెల్ల కోటులో నిలబడి ఉన్న యువతి పశువైద్యురాలు నిషిత. ఆమె చెప్పిన సంగతి సూటిగా ఉంది. పక్క జిల్లాలో పందులకు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిందని వారం నుంచి కబురు. దానికి మందు లేదు. ఇక్కడి నమూనాలు పరీక్షకు పంపింది, ఫలితం సాయంత్రానికి వస్తుంది. అదే రోగమని తేలితే చుట్టూ కిలోమీటరు లోపల ఉన్న ప్రతి పందినీ చంపి, సున్నం చల్లి పూడ్చాలి. ఆ కిలోమీటరులో నర్సింహులన్నను చూసి పందుల పెంపకం మొదలుపెట్టిన కుటుంబాలు ఇంకో నాలుగు ఉన్నాయి. వాళ్లకు అదే తిండి.

“దాచిపెట్టమని అందరు జెప్పిండ్రు ఖయ్యూం,” అన్నాడు నర్సింహులన్న. “నేనే మేడమ్‌కు ఫోన్ జేసిన. రోగమైతే నావే ముందు పూడ్చుండ్రి. నా మూలంగ ఇంకొకని కొట్టం ఖాళీ గావద్దు.”

చెప్తూ ఆయన నా ముఖం చూడలేదు.

నిషితను ఒకే ప్రశ్న అడిగాను. ఈ జ్వరం మనుషులకు అంటుతుందా? అంటదని ఆమె గట్టిగా చెప్పింది. ఆ మాటే పొద్దుట్నుంచి ఆస్పత్రికి కూడా చెబుతోందట. పందుల రోగం మనిషికి పట్టిందని పుకారు లేచి, అక్కడ యాదన్నను విడిగా ఒక గదిలో పెట్టి జ్వరానికి మందులిస్తున్నారు. జ్వరం కాకపోతే మరేమిటో చెప్పమని వాళ్లు అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. అంటే సాయంత్రంలోపు నేను కనిపెట్టాల్సింది పందుల సంగతి ఒక్కటే కాదు. యాదన్న ప్రాణం కూడా ఆ జవాబు మీదే ఉంది.

అప్పుడే గేటు బయట కారు ఆగింది. దిగినవాణ్ణి చూడగానే నా మూడ్ పాడయింది. చంద్రకాంత్, నాలాగే డిటెక్టివ్. హైదరాబాదులో ఏసీ ఆఫీసు, ఇస్త్రీ నలగని చొక్కా, ప్రతి కేసులోనూ నాకంటే ముందు మీడియా దగ్గరికి వెళ్లే అలవాటు. కొల్లూరు వైపు విల్లాలు కడుతున్న ఒక సంస్థ అతన్ని పెట్టుకుందని విన్నాను. వాసన వస్తోందని ఈ ఫారాన్ని ఎత్తించాలని వాళ్లు ఏడాదిగా తిరుగుతున్నారు. చంద్రకాంత్ నన్ను చూసి నవ్వి, బూట్లు తడవకుండా ఒక్క అంగలో తొట్టి దాటి లోపలికి వచ్చాడు.

నాకు కోపం త్వరగానే వస్తుంది, పోవడమే ఆలస్యం. అతని చెయ్యి పట్టుకుని మళ్లీ గేటు దాకా లాక్కెళ్లాను. ఆ బూట్లకు తడిమట్టి ఉంది. ఎక్కణ్ణుంచి వస్తున్నావంటే కర్దనూర్‌లో ఇంకో ఫారం ఫొటోలు తీసి వస్తున్నానని తాపీగా చెప్పాడు. నిషిత తల పట్టుకుంది. రోగం ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి ప్రయాణం చేసేది ఇలాంటి బూట్ల మీదేనని ఆమె వివరిస్తుంటే, తోలు పాడవుతుందని అతను సణిగాడు. తోలు సంగతి తర్వాత చూద్దాం, ముందు విప్పమన్నాను. విప్పాడు. సాక్సులు కూడా విప్పి తొట్టిలో దిగిన చంద్రకాంత్‌ను చూడటం ఆ పొద్దున నాకు దక్కిన ఒకే ఒక్క సంతోషం.

అతను ఊరికే రాలేదు, సాక్ష్యం తెచ్చుకున్నాడు. తెల్లవారుజామున కంచె మీదుగా తీసిన ఫొటో అది. ఫ్యాక్టరీ క్యాంటీన్లలో మిగిలిన అన్నాన్ని ఉడకబెట్టే పెద్ద పొయ్యి అందులో కనబడుతోంది. బూడిద చల్లగా, తడిగా ఉంది. అంటే నిన్న పొయ్యి వెలిగించలేదు, మిగులు అన్నం ఉడకబెట్టకుండానే పోశారు, రోగం దాంట్లోంచే వచ్చింది. ఇదీ అతని వాదన. నర్సింహులన్న ముఖం నల్లబడింది. మిగులు అన్నం బుడగలొచ్చేలా ఉడకందే పందికి పెట్టకూడదన్నది ఈ ఫారంలో మొదటి నియమం, ఆయన దాన్ని జిల్లా అంతా తిరిగి చెప్పాడు.

నేను పుష్పమ్మ వదినను అడిగాను. నిన్న ఆదివారం. క్యాంటీన్లు బంద్, మిగులు అన్నమే రాలేదు. పందులకు తవుడు, మక్కపిండి పెట్టారు. కింది కొట్టానికి, పై కొట్టానికి అదే సంచిలోది. పై కొట్టం పందులు ఇప్పుడు కూడా మేత కోసం అరుస్తున్నాయి.

“చంద్రకాంత్ సార్, ఫొటోల మీద తారీఖు పడ్తది. వారం గుడ జెర సూసుకోవాలె,” అన్నాను. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

వదినను పక్కకు కూర్చోబెట్టి మొదట్నుంచి చెప్పమన్నాను. ఆమె భయపడిన మనిషిలా కాకుండా వరుసగా చెప్పింది. పై కొట్టంలో ఒక పంది ఈనుతుంటే అక్కడే ఉందట. మసకపడుతుండగా కింది కొట్టం నుంచి అరుపులు, తర్వాత యాదన్న కేక. ఆమె పరుగెత్తి వెళ్లేసరికి యాదన్న గుమ్మం లోపల బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి బిగబట్టి కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చింది. ఆ తర్వాత వాంతులు చేసుకుని అక్కడే కూలబడింది. బయటివాళ్లు ఎవరైనా వచ్చారా అంటే ఎవరూ రాలేదంది.

“లోపల వాసన ఎట్లుండె వదినా?”

“ముందుగాల మురిగిన గుడ్ల వాసన. ఇగ ఆగలేనంత. తర్వాత ఒక్కపారే ఏ వాసన లేకుంట పోయింది. గాలి సాఫ్ అయిందనుకున్న తమ్మీ.”

ఆ మాట దగ్గర నా చూపు ఆమె చేతుల మీద పడింది. రెండు చేతులకూ కడియాలు ఉన్నాయి. కట్టెల పొయ్యి మీద పెట్టిన గిన్నె అడుగులా నల్లగా ఉన్నాయవి. ఇనుపవా అని అడిగాను. ఆమె కొంగుతో దాచుకుంది. వెండివేనట. అత్తగారివి. నిన్న పొద్దున కూడా మెరుస్తున్నాయి, రాత్రి చూసుకుంటే ఇలా అయ్యాయి. ఇంటికి శని పట్టిందని ఎవరికీ చెప్పలేదు.

నేను లేచి నిలబడ్డాను. చాలాకాలం కిందట ఒక ఫ్యాక్టరీలో మురుగు ట్యాంకులోకి దిగి చనిపోయిన మనిషి ఫైలు నాకు వచ్చింది. అతని వేలికి ఉన్న వెండి ఉంగరం సరిగ్గా ఇలాగే నల్లబడి ఉంది. రోగం వెండిని నల్లబరచదు. ఒక విషవాయువు మాత్రం నల్లబరుస్తుంది.

కింది కొట్టానికి వెళ్లాం. నేరుగా లోపలికి వెళ్లనివ్వలేదు. ఎవరినీ. నాలుగు వైపులా టార్పాలిన్లు బిగించి కట్టి ఉన్నాయి. రోగం కబురు విన్నప్పుడు కాకులు, కుక్కలు లోపలికి రాకుండా నర్సింహులన్నే కట్టించాడు. రాత్రి తీసిన గుమ్మం వైపుది తప్ప మిగతావన్నీ దూరం నుంచి తాళ్లు కోసి కిందికి లాగించాను. గాలి బాగా ఆడేదాకా ఆగాం. అప్పుడు నిషిత, నేను మూతికి గుడ్డలు కట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లాం.

పందులన్నీ గుమ్మం వైపే, ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. బయటపడాలని తోసుకున్నట్టు తెలుస్తోంది. నిషిత వంగి చెవులు, పొట్ట చూసింది. ఆ జ్వరంతో చచ్చే పంది ముందు మేత మానేస్తుంది, చెవులు ఎర్రబడతాయి, ఒంటిమీద మచ్చలు లేస్తాయి, ఒకటి చచ్చాక ఇంకోటి చస్తుంది. వీటికి ఆ గుర్తులేవీ లేవు. రాత్రి నమూనాలు తీసేటప్పుడు టార్చి వెలుతురులో సరిగా చూడలేకపోయానని ఆమె బాధపడింది. నేను మురికి కాలువలో చూశాను. ఒక ఎలుక చచ్చి ఉంది. గోడ వారన బల్లి చచ్చి ఉంది. కాలువ పొడుగునా ఈగలు రాలి ఉన్నాయి. పందుల జ్వరం ఈగలను చంపుతుందా అని అడిగితే నిషిత తల అడ్డంగా ఊపింది. ఆమె ముఖంలో అప్పుడే కాస్త రంగు వచ్చింది.

ఆ కాలువ కొట్టం నేల కింద నుంచి వెనక ఉన్న పెంటగుంతలోకి పోతుంది. గుంత మీద చెక్కల్లో ఒకటి పక్కకు జరిగి ఉంది. అంచున ఎండిపోయిన నురగ. గట్టుకు వేసిన సున్నం ఒకచోట కొట్టుకుపోయి సిమెంటు గుల్లబారింది. నిషిత తన సంచిలోంచి పరీక్ష కాగితం తీసి కర్రకు కట్టి దూరం నుంచి ముంచింది. పసుపు కాగితం ఎర్రగా బయటికి వచ్చింది.

“యాసిడ్,” అంది.

ఇక మిగతాది నేనే చెప్పాను. మురిగిన పెంటలో యాసిడ్ పోస్తే ఆ విషవాయువు ఒక్కసారిగా పొంగుతుంది. గాలికంటే బరువైనది కాబట్టి పైకి లేవకుండా కాలువ పట్టుకుని కొట్టం కిందికి పాకింది. టార్పాలిన్లు దాన్ని లోపలే ఆపాయి. వదినకు వాసన పోయింది గాలి బాగుపడి కాదు, ముక్కు మొద్దుబారి. ఇంకొక్క క్షణం ఉంటే ఆమె కూడా ఆ పందుల పక్కనే పడి ఉండేది.

నిషిత వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసింది. జ్వరం కాదు, విషవాయువు అని చెప్పగానే అవతల డాక్టర్ గొంతు మారింది. యాదన్నను ఆ గదిలోంచి తీసి ఊపిరి యంత్రం దగ్గరికి మారుస్తున్నారట. సమయానికి చెప్పారు, థాంక్స్ అన్నాడట. నమూనాల ఫలితం వచ్చేదాకా ఎలాగూ ఆగాలి గానీ ఇది అంటురోగం కాదని తాను రాసిస్తానని నిషిత నర్సింహులన్నతో చెప్పింది. ఆయన గట్టు మీద కూర్చుని కండువాలో ముఖం పెట్టుకున్నాడు. తర్వాత లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నాలుగిండ్లు నిలబెట్టినవ్ ఖయ్యూం. యాదన్నను గుడ. మీ అమ్మ కడుపు సల్లగుండ,” అన్నాడు.

ఈ మనిషికి ఒక్కసారైనా పనికొచ్చానన్న సంతోషంతో నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ఆ సంతోషంలోనే చంద్రకాంత్ మీదికి తిరిగాను. ఫారం ఎత్తించాలని జీతం తీసుకుంటున్నది ఎవరు, తెల్లవారుజామునే కంచె దగ్గర తిరిగింది ఎవరు, పందులు చస్తే లాభం ఎవరికి అని వరసపెట్టి అడిగాను. నా మనసులో కేసు తేలిపోయింది. అతను మాత్రం బెదరలేదు. వట్టి కాళ్లతో గేటు వైపు నడిచి, గుంత దాకా పరిచిన షాబాదు బండల మీద వంగాడు.

“తిట్టుడు అయినంక ఇది గుడ జెర సూడు ఖయ్యూం సాబ్.”

బండల మీద అక్కడక్కడ మచ్చలు. నున్నటి రాయి పొంగి గరుకుగా మారింది. యాసిడ్ చుక్క పడితే షాబాదు బండ అలాగే అవుతుంది, ఈ ప్రాంతంలో ఇల్లు తుడిచే ప్రతి మనిషికీ తెలుసు. ఆ మచ్చల పక్కనే తెల్లగా ఎండిన పాదాల గుర్తులు. వట్టి పాదాలవి. గేటు దగ్గర సున్నపు తొట్టిలోంచి మొదలై గుంత దాకా వెళ్లాయి. ఫారం మనుషులు లోపల గమ్‌బూట్లు తొడుక్కుంటారు. మేం పొద్దున అందరం కొట్టాల వైపు మట్టిదారిలో నడిచాం. ఇవి నిన్నటివి.

“డబ్బాలు మోసుకుంట గుడ వాడు తొట్టిల కాళ్లు ముంచి వచ్చిండు,” అన్నాడు చంద్రకాంత్. “పందులను సంపనీకి వచ్చినోడు, పందులకు రోగం అంటొద్దని కాళ్లు కడుక్కుంటడా? నేనైతే దాటి వచ్చిన. నువ్వే సూసినవ్ గద.”

అతని మొరటుతనమే అతనికి సాక్ష్యం అయింది. నాకు మింగుడుపడలేదు గానీ నిజం నిజమే. చూడాల్సింది నేను చూడలేదు, అతను చూశాడు. థాంక్స్ అన్నాను. అతను ఆశ్చర్యపోయి, పర్వాలేదని గొణిగాడు.

వచ్చినవాడు శత్రువు కాదు. ఈ ఫారం నియమం తెలిసినవాడు, దాన్ని గౌరవించేవాడు. నేను వదినను అడిగిన ప్రశ్నే తప్పు. మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లి, బయటివాళ్ల మాట వదిలెయ్, నిన్న మనవాళ్లు ఎవరొచ్చారు అని అడిగాను.

“సమద్ వచ్చిండు గద,” అంది పుష్పమ్మ వదిన. “ఆయన బయటోడా తమ్మీ? మీ అమ్మ కద్దూ ఖీర్ పంపింది. నా చేతికిచ్చి, కొట్టం ఎన్క క్రిములు సావనీకి మందు పోసిపోత వదినా, అన్నకు ఇప్పుడే జెప్పకు అన్నడు. యాదన్న చెక్క తీసిచ్చిండు. ఫినాయిలే అనుకున్న.”

సమద్ పని చేసేది ఇనుప సామానుకు పూతపోసే ఫ్యాక్టరీలో. అక్కడ వాడిపారేసిన యాసిడ్‌ను పాత డబ్బాల్లో ఇంటికి తెస్తాడు. మా గల్లీలో సగం ఇళ్ల బాత్‌రూములు దాంతోనే కడుగుతారు. ఏ క్రిమీ బతకదని అందరి నమ్మకం, నాదీ అదే. పోసినప్పుడు ఆరుబయట గాలి ఉంది కాబట్టి దగ్గుకుంటూ బయటపడి ఉంటాడు. వెనకాల ఏం జరిగిందో వాడికి తెలియదు.

సమద్‌కు ఫోన్ చేశాను. మోగి ఆగిపోయింది. అమ్మీకి చేశాను. మా ఇంట్లో మాట ఉర్దూలోనే, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. ఇక్కడ జరిగింది ఇంకా తెలియని ఆమె గొంతులో ఆ రోజు పండగ ఉంది.

“నర్సింహులు ఖుష్ ఉన్నడా బేటా? రోగం కబురు విన్నప్పటి సంది నాకు నిద్ర లేదు. నేనే సమద్‌ను పంపిన. మన బాత్‌రూం కడిగే మందు పొయ్యరా, ఒక్క క్రిమి ఉండొద్దు, ఆ మనిషి ఇల్లు సల్లగ ఉండాలె అన్న. ఇప్పుడు చిట్కుల్ పోయిండు. కిష్టప్ప అని నర్సింహులు దోస్తే, ఆయన తన పందుల కొట్టానికి గుడ అడిగిండట. మందు గాలికి పోవద్దని కొట్టం చుట్టు పరదాలు కట్టుమని సమదే జెప్పిండు. ఇంటిల్లిపాది లోపల కడుగుతున్నరట. నర్సింహులుకు జెప్పు, హమీదున్నీసా మరిచిపోలేదని.”

నేను ఫోన్ పెట్టేశాను. నర్సింహులన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. అమ్మ ఏమంటోందని అడిగాడు. దాచడానికి నాకు మనసొప్పలేదు. నీ పందులను చంపింది మా తమ్ముడన్నా, పంపింది మా అమ్మ అన్నాను. చిట్కుల్ సంగతి కూడా చెప్పాను. ఆయన తిట్టినా, కొట్టినా నిలబడి పడదామని ఉన్నాను.

ఆయన నా భుజం పట్టుకుని గేటు వైపు తోశాడు.

“గవన్ని తర్వాత ఖయ్యూం. సమద్ ఇంక ఆడనే ఉన్నడు. ముందుగాల వాణ్ణి బయటికి తియ్యాలె.”

చంద్రకాంత్ అప్పటికే వట్టి కాళ్లతో కారెక్కి ఇంజన్ వేశాడు. నిషిత అంబులెన్సుకు చెబుతోంది. నర్సింహులన్న ముందు సీట్లో కూర్చుని కిష్టప్పకు ఫోన్ కలిపాడు. చిట్కుల్‌లో ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.